వీధి కుక్క భాష కూడా నేర్పుదాం

పెరంబూరులో మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతున్నారు. బడికి నడిచి వెళ్లే పిల్లలకు మరో భాష కూడా తెలియాలి. అది వీధి కుక్కల భాష.

మన మాట వాటికి కొంత అర్థమవుతుంది. ఐసర్ కోల్‌కతా సంస్థకు చెందిన అనిందితా భద్ర బృందం వీధి కుక్కలపై చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. పరిశోధకులు రెండు గిన్నెలు పెట్టి ఒకదానివైపు వేలు చూపారు. బెదిరిన కుక్కలు దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో ఎక్కువ కుక్కలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

మరి వాటి సైగలు మనకెంత తెలుసు? తోక ఊపితే స్నేహమేనని చాలామంది పిల్లలు అనుకుంటారు. ఒళ్లు వదులుగా ఉంచి ఊపితే స్నేహం కావచ్చు. ఒళ్లు బిగించి, తోక నిటారుగా నిలిపి, రెప్ప వేయకుండా చూస్తే 'దగ్గరికి రావద్దు' అని అర్థం. తోక కాళ్ల మధ్య దాచుకుంటే భయం. భయపడిన కుక్క కూడా కరుస్తుంది.

వీధి కుక్కలు చాలావరకు గుంపుగా బతుకుతాయి. తమ హద్దులోకి కొత్తవారు వస్తే మొరుగుతాయి. పిల్లలున్న తల్లి కుక్క ఎవరినీ నమ్మదు. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ఏ కుక్కనూ కదిలించకూడదు. మీదికి వస్తే పరుగెత్తకూడదు; పరుగెత్తేదాన్ని తరమడం దాని స్వభావం. కదలకుండా నిలబడి, దాని కళ్లలోకి చూడకుండా, అది తగ్గాక మెల్లగా పక్కకు తప్పుకోవాలి.

ఉపాధ్యాయులు ఈ సైగలను బోర్డు మీద బొమ్మలు గీసి చూపవచ్చు, పిల్లలచేత నటింపజేయవచ్చు. చిన్న తరగతులకు ఒక పీరియడ్ చాలు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. కుక్క గీరినా, కరిచినా తిడతారన్న భయంతో పిల్లలు దాచిపెడతారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా మొదలుపెట్టించాలి, చెప్పిన తేదీల్లో అన్ని మోతాదులూ వేయించాలి. 'ఏం జరిగినా మాకు చెప్పు, తిట్టం' అని ఈ రోజే పిల్లలకు మాటిద్దాం.