కంటైనర్ బండియు ఊరి బాటయు

రొయ్యల కర్మాగారములు గల మన కోస్తా గ్రామములలోనికి పెద్ద ఇనుప పెట్టెలను మోయు బండ్లు వచ్చుచుండుట మనమెరుగుదుము. పెట్టెను అందరును చూతురు. దాని అడుగున నున్న చట్రమును, అనగా ఛాసిస్‌ను, పరికించువారు తక్కువ.

సాధారణపు లారీకి తొట్టి యుండును. దీనికి తొట్టి లేదు, అడుగున పలకలును లేవు. రెండు పొడవైన ఇనుప దూలములు, వానిని కలుపు అడ్డకమ్ములు, వెనుక ఇరుసులు మాత్రమే యుండును. ముందుండి లాగు ఇంజను బండి వేరు. దానిని విప్పినపుడు చట్రము నిలుచుటకు ముందువైపు రెండు ఇనుప కాళ్లు గలవు. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అను లారీల వ్యాపారి, చట్రముల నుండి విడదీసిన 58 పెట్టెలను నెవార్క్ రేవులో ఓడకెక్కించి హ్యూస్టన్‌కు పంపెను. నాటి నుండి ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. పెట్టె ఓడ నుండి చట్రము మీదికి మారును గాని లోపలి సరకును ఎవరును ముట్టనక్కరలేదు.

పెట్టె మూలలందు రంధ్రము లుండును. చట్రము మీది ట్విస్ట్ లాకులు వానిలోనికి దూరును. పిడి త్రిప్పినచో లాకు తల లోపల అడ్డము తిరిగి పెట్టెను పట్టుకొనును. సరకుతో 30 టన్నుల వరకు తూగగల పెట్టెను చట్రమునకు బిగించునవి ఈ లాకులే. "ఇంత బరువు ఎక్కడికి పోవును?" అని త్రిప్పక వదలుట ప్రాణాపాయము. మలుపులో బండి ఒరిగినపుడు పెట్టె విడివడి ప్రక్కవారిపై పడును. కర్మాగారపు గేటు దాటకముందే నాలుగు మూలలును తనిఖీ చేయవలెనని పంచాయతీ యజమానులను కోరవచ్చును.

ఇక ఎత్తు సంగతి. కొన్ని పెట్టెలు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తుండును. చట్రముతో కలిపి అది నేలనుండి సుమారు పదునాలుగు అడుగులగును. విద్యుత్తు తీగలు, చెట్ల కొమ్మలు, ఊరి స్వాగత ద్వారములు తగులుట కిదియే కారణము. ద్వారముపై దాతల పేర్లు చెక్కించుటలో మనము చూపు శ్రద్ధ దాని ఎత్తు కొలుచుటలో అరుదుగా చూపుదుము.

వెనుక చక్రములు ముందు చక్రముల జాడన నడువవు, మలుపు లోపలి వైపునకు కోసికొని వచ్చును. అందుచే కాలువ గట్ల మీద మలుపు అంచున హద్దురాళ్లు పాతించుట మంచిది.

విప్పి నిలిపిన చట్రపు కాళ్లు తడి మట్టిలో దిగబడును. వాని క్రింద మందపాటి పలకలు వేయించవలెను. ఆ నీడన పిల్లలను ఆడనీయరాదు, పశువులను కట్టరాదు.