లారీ వెనుక ఇరుసులో ఏముంది?



మన బడంగ్‌పేట్ రోడ్ల మీద టిప్పర్లు తిరుగుతూనే ఉంటాయి. కొన్ని కంకర తెస్తాయి. కొన్ని ఇసుక తెస్తాయి. కొన్ని మట్టి మోస్తాయి. మన ఇళ్లలో డ్రైవర్లు ఉన్నారు, క్లీనర్లు ఉన్నారు. అప్పు చేసి సొంత బండి కొన్నవాళ్లూ ఉన్నారు.

మా చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క ఇంట్లో టిప్పర్ ఉంది. ఒకరోజు ఆమె పుస్తకం తెరవలేదు. ఏమైందని అడిగాను.

"డిఫరెన్షియల్ పోయిందట టీచరమ్మా. బండి షెడ్డుల పడ్డది. కిస్తీ ఆగదు గద. అసలు గదేందో నాకు సమజైతలేదు" అంది.

నాకూ అప్పుడు సరిగ్గా తెలియదు. ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రోడ్డులో ఆటోనగర్ ఉంది కదా. అక్కడ ఒక మేస్త్రీని అడిగి తెలుసుకున్నాను. అదే మీకు చెబుతున్నాను.

ఎక్కడ ఉంటుంది?

లారీ వెనుక నుంచి వంగి చూడండి. రెండు వైపుల చక్రాల నడుమ లావు ఇరుసు ఉంటుంది. దాని మధ్యలో గుండ్రంగా, బోర్లించిన బిందెలాగా ఒక ఇనుప గుండు కనిపిస్తుంది. దాని లోపలే డిఫరెన్షియల్ ఉంటుంది. ఇంగ్లీషులో ఈ మాటకు మూలం 'తేడా'. ఏమిటా తేడా?

బతుకమ్మ ఆటలో చూడండి

బతుకమ్మ చుట్టూ మనం రెండు వరుసలుగా తిరుగుతాం. లోపలి వరుస వాళ్లు చిన్న చుట్టు తిరుగుతారు. బయటి వరుస వాళ్లు పెద్ద చుట్టు తిరగాలి. ఇద్దరూ కలిసి సాగాలంటే బయటి వాళ్లు పెద్ద అడుగులు వేయాలి. అవునా?

బండి మలుపు తిరిగినప్పుడూ అంతే. లోపలి చక్రం తక్కువ దూరం పోతుంది. బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది. ఎడ్లబండికి ఈ బాధ లేదు. దాని చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. కానీ లారీ చక్రాలను ఇంజనే తిప్పాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే మలుపులో ఒక టైరు ఈడ్చుకుపోతుంది. టైరు అరుగుతుంది, కడ్డీ విరుగుతుంది. అందుకే రెండు చక్రాలకూ బలం ఇస్తూనే, తేడాగా తిరగనిచ్చే యంత్రం కావాలి. ఫ్రాన్సు దేశంలో పెకూర్ అనే గడియారాల పనివాడు 1827లో ఆవిరి బండి కోసం ఇలాంటిది తయారు చేశాడు. ఇప్పటి లారీల్లోనూ పద్ధతి అదే.

లోపల ఏముంది?

ఇంజను నుంచి ఒక పొడవాటి రాడ్ వెనక్కి వస్తుంది. దాని చివర చిన్న పళ్ల చక్రం ఉంటుంది. అది పినియన్. అది ఒక పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. అది క్రౌన్.

ఒక లెక్క చేద్దాం. పినియన్‌కు 6 పళ్లు, క్రౌన్‌కు 39 పళ్లు అనుకోండి. క్రౌన్ ఒక్కసారి తిరగాలంటే పినియన్ ఆరున్నర సార్లు తిరగాలి. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. అందుకే అంత బరువుతో బండి ఎత్తు ఎక్కగలుగుతుంది.

క్రౌన్‌కు బిగించిన డబ్బాలో నాలుగు చిన్న పళ్ల చక్రాలు ఉంటాయి. వాటిని స్టార్ పినియన్లు అంటారు. వాటికి రెండు పక్కలా రెండు చక్రాలు, వాటి నుంచి రెండు ఇరుసు రాడ్లు ఉంటాయి. బండి నేరుగా పోతే అన్నీ కలిసి ఒక్కటిగా తిరుగుతాయి. మలుపు రాగానే స్టార్ పినియన్లు తమ చుట్టూ తాము తిరుగుతాయి. క్రౌన్ 100 సార్లు తిరిగితే, లోపలి చక్రం 90 సార్లు, బయటి చక్రం 110 సార్లు తిరగవచ్చు. ఒకటి ఎంత తగ్గితే రెండోది అంత పెరుగుతుంది.

నూనె ఉంటేనే ప్రాణం

ఈ పళ్లన్నీ గట్టిగా ఒరుసుకుంటాయి. నూనె లేకపోతే వేడెక్కి అరిగిపోతాయి. ఇక్కడ ఇంజన్ ఆయిల్ పోయకూడదు, గేర్ ఆయిలే పోయాలి. డబ్బా మీద '80 డబ్ల్యూ 90' అనో, '85 డబ్ల్యూ 140' అనో ఉంటుంది. మన బండికి ఏది కావాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కూడా ఉంటుంది. అంకెలు మనకు వచ్చు కదా! డబ్బా మీది అంకె, పుస్తకంలోని అంకె ఒకటేనా? పోల్చి చూడండి.

నూనె ఎంత ఉందో చూడడం తేలిక. బండి చదునైన చోట ఆగి, చల్లారి ఉండాలి. గుండు పక్కన ఒక మర బిళ్ల ఉంటుంది. దాన్ని విప్పాలి. నూనె ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. తగ్గితే పోయాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట.

ఇరుసు మీద చిన్న గాలి గొట్టం ఉంటుంది. బురదతో అది మూసుకుపోతే లోపలి వేడి గాలి బయటికి పోలేదు. నూనెను సీళ్ల గుండా తోస్తుంది. ఆ నూనె చక్రం దగ్గర బ్రేకు లైనర్ల మీద పడితే బ్రేకు పట్టదు. ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. గాలి గొట్టాన్ని తుడుస్తూ ఉండాలి.

పాత నూనె తీసినప్పుడు దాన్ని చూడాలి. పాలు కలిపిన టీలాగా ఉంటే నీళ్లు చేరాయి. మెత్తటి నల్లటి పొడి కొంచెం ఉంటే భయం లేదు. ఇనుప ముక్కలు కనిపిస్తే బండిని విప్పి చూడాల్సిందే.

చప్పుడు చెప్పే మాట

బరువు లాగేటప్పుడు ఊళ పెడితే క్రౌన్, పినియన్ మీద అనుమానం. మలుపులో మాత్రమే టకటకమంటే స్టార్ పినియన్లను చూడాలి. ఎప్పుడూ గరగరమంటే బేరింగులు. బండి కదిలేటప్పుడు ఠక్కుమంటే ఎక్కడో సందు పెరిగింది.

బురదలో దిగబడితే ఒక వైపు చక్రం గిర్రున తిరుగుతుంది. రెండోది కదలదు. బలమంతా తేలికగా తిరిగే వైపుకే పోతుంది. అప్పుడు యాక్సిలేటర్ తొక్కి పట్టకూడదు. గిర్రున తిరిగే చక్రానికి ఒక్కసారి పట్టు దొరికితే పళ్లు విరుగుతాయి. చక్రం కింద రాళ్లు, చెక్కలు వేసి మెల్లగా తీయాలి.

రిపేరు చేసేటప్పుడు

క్రౌన్, పినియన్ జోడీగా తయారవుతాయి. ఒకటి పోతే రెండూ మార్చాలి. జత కలిసేలా వాటి మీద నంబరు చెక్కి ఉంటుంది. పళ్ల మధ్య సందును కంటితో కాదు, డయల్ గేజితో కొలవాలి. పళ్లకు రంగు పూసి తిప్పితే ఒరుసుకునే చోటు తెలుస్తుంది. అది పంటి అంచున పడకూడదు. కొత్త సీళ్లు వేయాలి. లోపల ఇనుప రజను మిగలకుండా కడగాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరకూడదు. గట్టి స్టాండ్లు పెట్టాలి. నేల మీది చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు వేయాలి. "గేరులో పెట్టాం, కదలదు" అనుకోవద్దు. ఎందుకు? ఒక వెనుక చక్రం గాలిలో లేచిందంటే, అది ఒక వైపు, నేల మీది చక్రం ఇంకో వైపు తిరగగలవు. క్రౌన్ ఆగి ఉన్నా బండి దొర్లుతుంది. ఇరుసు రాడ్లు తీశాక గేరుకూ చక్రాలకూ సంబంధమే ఉండదు. ఈ మాట మీ ఇంట్లో తప్పకుండా చెప్పండి.

ఆ అక్క ఏం చేసింది?

ఈ పాఠం విని ఆ అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "రోజు పొద్దుగాల వాకిలి ఊడ్చేటప్పుడు బండి కింద నల్ల మరక చూసిన టీచరమ్మా. నీళ్లు చల్లి కడిగిన. గదేందని అడగలే."

తప్పు ఆమెది కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కొత్త జోడీ బిగించే రోజు ఆమె షెడ్డుకు పోయింది. క్రౌన్ మీది నంబరు, పినియన్ మీది నంబరు పైకి చదివింది. రెండూ కలిశాయి. మేస్త్రీ పని ఆపి ఆమె వైపు చూశాడట. ఇప్పుడు ఆమె నోటుబుక్కులో ఒక పేజీ బండిది. నూనె మార్చిన తేదీ, కిలోమీటర్లు తానే రాస్తుంది. బండి కింద మరక కనిపిస్తే కడగడానికి ముందు ఇంట్లో చూపిస్తుంది.

మీరు చెప్పండి

1. మలుపులో ఏ చక్రం ఎక్కువ తిరుగుతుంది?
2. గాలి గొట్టం మూసుకుపోతే ఏమవుతుంది?
3. బండి గేరులో ఉన్నా చక్రాలకు దిమ్మెలు ఎందుకు వేయాలి?
4. మీ ఇంటి దగ్గర లారీ ఉందా? దాని కింద మరక ఉందేమో చూసి, రేపు కేంద్రంలో నాలుగు వాక్యాలు రాయండి.