చాలినంత బెల్లం అంటే ఎంత?

సంక్రాంతి నెల పట్టిందంటే ఊళ్లో ఉన్న అమ్మలకీ, అత్తయ్యలకీ ఫోన్లు మొదలవుతాయి. "అరిసెల్లోకి బెల్లం ఎంత?" అని పిల్లలు అడుగుతారు. "చాలినంత." "నీళ్లో?" "బెల్లం తడిసేలా." "పాకం ఎంతసేపు?" "వచ్చేదాకా!" ఇక వాళ్లు మాత్రం ఏం అడుగుతారు చెప్పండి!

పెద్దవాళ్లు కావాలని దాస్తారనుకుంటే పొరపాటే. వాళ్లు నేర్చుకున్న లెక్క వేరు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. 1956లో మెట్రిక్ తూనికల చట్టం వచ్చాక బజారు మెల్లగా కిలోల్లోకి మారింది. ఇంట్లో సోల సొట్టలు పడి అటకెక్కింది. కొలత మాత్రం వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. మాలతీ చందూర్ గారి ‘వంటలు - పిండివంటలు’ పుస్తకం ఎందరు కొత్త కోడళ్లను గట్టెక్కించిందో! అయినా మన ఇంటి పెద్దావిడ చేతి రుచి ఏ పుస్తకంలో దొరుకుతుంది?

మా అమ్మమ్మ సంక్రాంతికి గుమ్మడికాయ దప్పళం పెట్టేది. పులుసు మరిగాక ఏదో వేయించి, నూరి కలిపేది. నువ్వులంటుంది అమ్మ. కాదు, ధనియాలూ శనగపప్పూ అంటుంది పిన్ని. అమ్మమ్మ పోయి పన్నెండేళ్లయింది. ఏటా ఇద్దరూ చెరో రకంగా పెడతారు. ఇద్దరూ ఒక ముద్ద తిని, "ఇది కాదు" అనుకుంటారు.

అందుకే పోయిన సంక్రాంతికి మా అత్తయ్యను పొయ్యి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. డెబ్బై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. చెయ్యి మాత్రం తడబడదు. ఆవిడను కొలతలు అడగలేదు. బెల్లం డబ్బా, నెయ్యి గిన్నె, నువ్వుల సీసా ముందే తూకం వేసి ఉంచాను. ఆవిడకు తోచినంత వేసుకోమన్నాను. వంట అయ్యాక అవే మళ్లీ తూచాను. తగ్గిందెంతో అదే ఆవిడ "చాలినంత". కిలో బియ్యానికి బెల్లం ముప్పావు కిలో మీద ఇంకో గుప్పెడు! "దొంగలెక్కలు రాస్తున్నావే" అని నవ్వారు గానీ, మధ్యలో ఒక్కసారి కూడా ఆపమనలేదు.

తూకానికి అందనివి కొన్ని ఉన్నాయి. బియ్యం కొత్తవి కావాలి. ఒక రాత్రీ, మర్నాడూ నానాలి, నీళ్లు మారుస్తుండాలి. వడకట్టి బట్ట మీద ఆరబోసినా, తడి పూర్తిగా పోకముందే పిండి కొట్టించాలి. పిడికిట పట్టుకుంటే ముద్ద కట్టాలి. పొడిపిండితో చేస్తే అది పాకాన్నంతా పీల్చేసుకుంటుంది, అరిసెలు గట్టిపడతాయి. బెల్లం కరిగాక వడకట్టడం మరవకండి, ఇసుక ఉంటుంది. పాకం చుక్కను పళ్లెంలో నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరకు లాగితే మెత్తటి ఉండ కావాలి, నొక్కితే అణగాలి. పళ్లేనికి కొట్టినప్పుడు ఠంగుమందంటే అది పప్పుండల పాకం, అరిసెలకు పనికిరాదు. లేతగా ఉన్నప్పుడు దించేస్తే మూకుట్లో విచ్చిపోతాయి. పిండి ఉంది కదా అని అంతా కుమ్మరించకండి. చలిమిడి కాస్త జారుగా ఉన్నప్పుడే ఆపాలి, చల్లారాక అదే గట్టిపడుతుంది. ఇవన్నీ మా అత్తయ్య మాటలే. ఇరవై పేజీల నోటుబుక్కులో సగం ఈ పాకమే!

మా తోడికోడలిది కరీంనగర్. వాళ్లకు సంక్రాంతి అంటే సకినాలు. తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, బట్ట మీద వేళ్లతో మెలితిప్పుతూ చుట్లు తిప్పాలి. వాడకట్టులో ఆడవాళ్లంతా కలిసి ఒక రోజు ఒకరింట్లో, మర్నాడు ఇంకొకరింట్లో చేసేవారట. "మాకు ఎవరూ నేర్పలేదక్కా, పక్కన కూర్చుంటే వచ్చేసింది" అంటుంది. ఇప్పుడు పక్కన కూర్చునేదెవరు? మిఠాయి దుకాణాల్లో కిలోల చొప్పున దొరుకుతున్నాయి. కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు మరో దారేది?

నాకు నచ్చనిది ఒకటే. ఈ విద్యకు వారసులు కూతుళ్లూ కోడళ్లేనా? మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబడి, అందరూ తిన్నాక గిన్నెల్లో అడుగున మిగిలింది తినేదీ వాళ్లే. మా ఇంట్లో ఈసారి అరిసెలు మూకుడు లోంచి తీసి, రెండు గరిటెల మధ్య నూనె కారేలా నొక్కే పని పదమూడేళ్ల మా అబ్బాయికి అప్పగించాను. "మగపిల్లాడికెందుకమ్మా ఆ పని" అన్నారు అత్తయ్య. రెండు వాయిలు చూశారు. మూడో వాయికి కుర్చీ దగ్గరకు జరుపుకుని, "అలా కాదురా నాన్నా, గట్టిగా వత్తితే చిట్లిపోతుంది" అంటూ వాడి చెయ్యి పట్టుకుని చూపించారు.