వస్తుతంత్రము – కళింగనగర నిర్ణయము

“ఎవరి సత్యము వారిదే” యను మాట నేడు విద్యావంతుల నోట తరచుగ వినబడుచున్నది. వినుటకిది ఉదారముగనే యుండును. కాని దీనిని తుదిదాక పాటించినచో, అన్యాయము జరిగినదని మొఱపెట్టు బీదవానికిని, జరుగలేదను అధికారికిని నడుమ తీర్పు చెప్పుట కాధారమేదియు మిగులదు. తత్త్వశాస్త్రమున ఆబ్జెక్టివిజమను వాదము ఈ ప్రమాదమును వారించుచున్నది. వస్తువు మన తలంపునకు లోబడదు, మన తలంపే వస్తువునకు లోబడవలెననుట దాని సారము. అమెరికాలో అయిన్ రాండ్ అను రచయిత్రియు తన సిద్ధాంతమున కీ పేరే పెట్టుకొనెను. స్వప్రయోజనమే ధర్మమను ఆ మతము వేఱు. మేము చెప్పునది వేఱు.

మనకీ విచారము క్రొత్తగాదు. శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యమున కర్మ పురుషతంత్రమనియు, జ్ఞానము వస్తుతంత్రమనియు విడదీసి చెప్పిరి. కర్మను చేయవచ్చును, మానవచ్చును, మఱియొకరీతిగ చేయవచ్చును. మసకచీకటిలో మ్రోడును జూచి మనుష్యుడనుకొన్నంతమాత్రమున మ్రోడు మనుష్యుడు కాజాలదు.

దృష్టాంతమునకు దూరము పోనక్కఱలేదు. తూర్పు గాంగుల రాజధానియగు కళింగనగర మెచ్చట నుండెను? వంశధార సముద్రమున గలియు కళింగపట్నమే యని పేరు పోలికనుబట్టి కొందఱు తలచిరి. గిడుగు రామమూర్తిగారు ప్రాచీనలిపులను స్వయముగ నేర్చి, శాసనములను చదివి, అది ఆ నదియొడ్డుననే యెగువనున్న ముఖలింగమని నిర్ణయించిరి. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున (1896–97) ప్రకటించినవారును ఆయనయే.

రామమూర్తిగారు 1863లో జన్మించిన పర్వతాలపేట ముఖలింగమునకు చేరువనే యున్నది. స్వస్థలాభిమానముచే నట్లు చెప్పిరేమోయని యెవరైన శంకింపవచ్చును. ఆ శంకకు సమాధానము శాసనములయందే యున్నది. ఏ దేశమువాడైనను ఆ లిపి నేర్చి వానిని చదువవచ్చును, పొరపాటున్నచో దిద్దవచ్చును. అభిమానము లేనివానికే సత్యము తెలియునని మేమనము. ప్రశ్న వేయుటకు అభిమానము ప్రేరేపింపవచ్చును. ఉత్తరము చెప్పు నధికారము మాత్రము వస్తువునదే.

దేశభక్తులకిది ముఖ్యముగ గమనింపదగిన విషయము. పూర్వుల ఘనతనుగూర్చి మనము పలుకు ప్రతిమాటయు ఈ పరీక్షకు నిలువవలెను. నిలువనిదానిని విడుచుటకు మనసొప్పనివాడు పూర్వులను గౌరవించుచున్నాననుకొనుచు తన్నుదానే పొగడుకొనుచున్నాడు.