నోరు విప్పి చెప్పుకోలేని జబ్బు



ఆపరేషన్ కోసమో, డయాలసిస్ కోసమో సాయం అడిగేవారు మన గడప దాకా వస్తారు. తెల్లబట్ట, దురద, మంటతో బాధపడే ఆడవాళ్లు మాత్రం రారు. కన్నతల్లికి చెప్పడానికే సిగ్గుపడతారు. అందుకే ఈ ఏటి సంచికలో దీని గురించి రాస్తున్నాం.

యోనిలో వచ్చే ఈస్ట్ ఇన్ఫెక్షన్ అరుదైన జబ్బు కాదు. ప్రతి నలుగురు స్త్రీలలో సుమారు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. కారణం క్యాండిడా అనే ఫంగస్. చాలామంది ఒంట్లో ఇది మామూలుగానే కొద్దిగా ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు, యాంటీబయాటిక్ మందులు వాడినప్పుడు, షుగర్ అదుపు తప్పినప్పుడు పెరిగిపోతుంది. దీన్ని సుఖవ్యాధుల్లో లెక్కకట్టరు. కాబట్టి ఇది వచ్చిందని భార్య నడవడినో, భర్త నడవడినో అనుమానించడం అన్యాయం.

ఆసుపత్రి లెక్కల్లో కనిపించేది ధైర్యం చేసి వచ్చినవారే. మన రాష్ట్రాన్ని ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ బృందం రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో ఫలితాలు ప్రకటించింది. ఇబ్బంది ఉందని చెప్పినవారు 55 శాతం. పరీక్షలో ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి బయటపడినవారు 92 శాతం. ఆ జబ్బుల్లో సగం జననాంగ ఇన్ఫెక్షన్లే. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష, వైద్యం పొందినవారు 8 శాతమే.

తెల్లబట్ట అంతా ఈస్ట్ కాదు. కొద్దిపాటి తెల్లబట్ట ఆరోగ్యవంతులకూ అవుతుంది. దురదతో పాటు విరిగిన పాలలా చిక్కగా అయితే ఈస్ట్ కావచ్చు. దుర్వాసన ఉంటే బ్యాక్టీరియా వల్లనో, ట్రైకోమోనాస్ వల్లనో కావచ్చు. వాటికి మందులు వేరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మందు పనిచేయకపోవడానికి ఇదొక కారణం. ఈస్ట్ అని తేలితే లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్లలతోనో, ఒక్క ఫ్లూకోనజోల్ మాత్రతోనో ఎక్కువమందికి తగ్గిపోతుంది. గర్భిణులకు ఆ మింగే మాత్ర ఇవ్వరు, కాబట్టి గర్భం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. మాటిమాటికీ వస్తుంటే షుగర్ పరీక్ష తప్పనిసరి.

మహిళల కోసం మహిళా సిబ్బందే పరీక్షలు చేసేలా, ఎంపిక చేసిన ఆరోగ్య కేంద్రాల్లో ప్రతి మంగళవారం 'ఆరోగ్య మహిళ' క్లినిక్‌లు నడిపే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ప్రారంభించింది. ఇలాంటి చోటుకైనా, బాన్సువాడ ఆసుపత్రికైనా నస్రుల్లాబాద్ పల్లెల నుంచి వెళ్లాలంటే ఆటో కిరాయి కావాలి, తోడు ఒకరు కావాలి. బీడీలు చుట్టే ఆమెకు, నాట్లకు పోయే ఆమెకు ఆ రోజు కూలి పోతుంది. మందు ఖర్చు కన్నా ఈ ఖర్చే బరువు.

అందుకే దాతలను మేం కోరేది పెద్ద మొత్తాలు కాదు. దారి ఖర్చులు, షుగర్ పరీక్ష, తోడు వెళ్లే ఒక పెద్దమనిషి ఆడమనిషి, ఇవి చాలు. సాయం పొందినవారి పేరు ఎక్కడా రాయకూడదు, ఫోటో తీయకూడదు. ఇంకొక మాట: మీ ఇళ్లలో కూడా ఈ సంగతి చెప్పండి. హయా మంచి గుణమే. జబ్బును దాచిపెట్టి బాధపడటం హయా కాదని మన ఆడపిల్లలకు పెద్దవాళ్లే చెప్పాలి.