బిల్లు అడిగితే తప్పేమిటి?

ఆబిడ్స్ అనే పేరు ఒక దుకాణదారుని పేరు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియా జాతీయుడు అక్కడ అంగడి నడిపాడు. అంగడి పోయింది, పేరు నిలిచింది. నేడు అదే ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ సెల్‌ఫోన్లకు పెట్టింది పేరు. కొత్తవి, పాతవి అమ్ముతారు. ఇరుకు కొట్లలో తల వంచుకొని మరమ్మతులు చేసే కుర్రవాళ్లూ ఉంటారు. "ఇది బాగుపడదు, కొత్తది కొనుక్కోండి" అని కంపెనీవారు తేల్చేసిన ఫోన్లలో కొన్ని ఇలాంటి చోట్ల మళ్లీ ప్రాణం పోసుకుంటాయి.

పల్లెటూరి కుటుంబానికి ఫోను ఇక విలాస వస్తువు కాదు. గల్ఫ్‌లో ఉన్న కుమారుని ముఖం చూపేది అదే, బ్యాంకులో డబ్బు పడిందని చెప్పేది అదే. కొందరు పెద్దలకు పెద్ద అక్షరాల బైబిలు కూడా అదే. అది మూగబోతే పంట డబ్బులో పదివేలు తీయవలసిందే. కాబట్టి "బాగుపడదు" అన్న మాట నిజమో కాదో తెలుసుకోవడం ఆ ఇంటికి అవసరం.

పెద్ద కంపెనీ అయినంత మాత్రాన నిజమే చెబుతుందా? 1924లో ప్రపంచంలోని పేరున్న బల్బు కంపెనీలు జెనీవాలో కూటమి కట్టి, బల్బు ఆయుస్సును వెయ్యి గంటలకు కుదించాయి. 2017 డిసెంబరులో యాపిల్ కంపెనీ తన పాత ఫోన్ల వేగాన్ని తానే తగ్గించినట్లు ఒప్పుకొంది. బ్యాటరీ అరిగిన ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా అలా చేశామన్నది. కావచ్చు. కాని కొన్నవారికి ఆ సంగతి స్పష్టంగా చెప్పలేదు. బ్యాటరీ మారిస్తే సరిపోయేదానికి ఎందరు కొత్త ఫోను కొన్నారో! తరువాత క్షమాపణ చెప్పి, మన దేశంలో 6,500 రూపాయలున్న బ్యాటరీ మార్పిడిని 2,000కు తగ్గించింది. 2020లో ఫ్రాన్సు ప్రభుత్వం రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఏఫాను చిన్నదిగా చేసిన వర్తకులను ఆమోసు ప్రవక్త గద్దించాడు. ఆనాటి కొలపాత్రను కనీసం కంటితో చూడవచ్చు. ఫోను లోపల జరిగేది ఎవరికి కనబడుతుంది?

ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలో నాంపల్లి. హైదరాబాదు జిల్లా వినియోగదారుల ఫోరాలు చాలాకాలం అక్కడి చంద్రవిహార్ భవనంలో పనిచేశాయి. 1986 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదు సాధారణంగా అమ్మినవాడు ఉన్నచోట గాని, వ్యవహారం జరిగినచోట గాని వేయాలి. అంటే ఆబిడ్స్‌లో కొన్న నల్గొండ రైతు ప్రతి వాయిదాకూ బస్సెక్కి నాంపల్లి రావాలి. ఫోను ఖరీదు చార్జీలకే సరి! "పోనీలే" అని ఊరుకున్నవారే ఎక్కువ. అది ఓర్పు కాదు, దారి లేకపోవడం.

2019 చట్టం ఈ చిక్కు తీసింది. 2020 జూలై 20 నుండి కొన్నవాడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. నల్గొండవారు నల్గొండలోనే వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు. అయితే రెండేళ్లలోపే వేయాలి. వస్తువు అమ్మి బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం దృష్టిలో అక్రమ వ్యాపార పద్ధతే. "బిల్లు లేకుంటే ధర తగ్గిస్తాను" అనే బేరానికి మనవాళ్లు తేలికగా లొంగుతారు. ఆ తగ్గింపు ఎవరికి లాభమో ఫోను చెడినప్పుడు గాని తెలియదు. మన సంఘాలలో కొట్లు నడుపుకొనే విశ్వాసులున్నారు. అడగకముందే బిల్లు రాసిచ్చే కొట్టు వారిదే కావాలని ఆశిద్దాం.

మరమ్మతు విషయానికొస్తే, 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినాన, కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు కోసం ఒక వెబ్‌సైటు ప్రారంభించింది. విడిభాగాలు, వారంటీ, సర్వీసు వివరాలను కంపెనీలు అందులో ఉంచాలని ఉద్దేశం. ఇంట్లో చదువుకొన్న పిల్లలుంటే తెరిచి చూపించమనండి.

ఫిర్యాదుకు ముందు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. బిల్లు, వారంటీ కార్డు, సర్వీసు సెంటరువారు ఇచ్చిన చీటీ దగ్గర పెట్టుకోండి. ఫోనుకుండే పదిహేనంకెల ఐఎంఇఐ సంఖ్యను ఇప్పుడే *#06# నొక్కి చూసి, కాగితం మీద రాసి ఉంచండి. ఫోను పూర్తిగా ఆగిపోయాక అది తెర మీద కనబడదు.