రెండో కెమెరా

పెళ్లి ఆల్బమ్ మొదటిసారి తెరిచినప్పుడు వధూవరులను చూస్తాం. రెండోసారి మనమెక్కడ ఉన్నామా అని వెతుక్కుంటాం. ఏళ్లు గడిచాక మాత్రం చూసేది వెనక నిలబడ్డవాళ్లనే. "ఇదిగో పెద్దత్త, ఈయన ఖరగ్‌పూర్ బాబాయి" అంటూ పిల్లలకు వేలు పెట్టి చూపిస్తాం. ఆ వెనకవాళ్లను ఫొటో తీసే పని ఒకప్పుడు నాది. బరంపురంలో మా మావయ్యకు స్టూడియో ఉండేది. 1990లలో కొన్నేళ్లపాటు పెళ్లిళ్లలో ఆయన పక్కన రెండో ఫొటోగ్రాఫరుగా పనిచేశాను.

రెండో మనిషి ఎందుకని మీరడగవచ్చు. జీలకర్ర, బెల్లం పెట్టే క్షణం ఒక్కటే. తెరకు ఇటు పెళ్లికూతురు, అటు పెళ్లికొడుకు. సరిగ్గా అప్పుడే కన్నతల్లి కళ్లొత్తుకుంటుంది, పిల్లలు అక్షింతలు పట్టుకుని ఎగబడతారు, మేళగాళ్లు గట్టిమేళం అందుకుంటారు. ఒక్కరే అన్ని వైపులా తిరగలేరు. అందుకే మావయ్య కెమెరా పీటల వైపు, నా కెమెరా జనం వైపు.

నా చేతికిచ్చింది పెంటాక్స్ కె-1000. ఫ్లాష్ తగిలిస్తే షట్టరు వేగం సెకనులో 60వ వంతుకు మించకూడదు. మించితే బొమ్మలో కొంత భాగం నల్లగా వస్తుంది. రీలుకు 36 బొమ్మలు. పెళ్లికి నా వంతు రెండు రీళ్లు, అంటే రాత్రంతా కలిపి 72 బొమ్మలు. ఒకటి తీశాక ఫ్లాష్ మళ్లీ సిద్ధమయ్యేదాకా ఆగాలి. మావయ్య పెట్టిన నియమాలు మూడు: పంతులుగారికి అడ్డు రాకూడదు, తన కెమెరాకు అడ్డు పడకూడదు, పీటల మీద ఏం జరుగుతోందోనని చూస్తూ నిలబడకూడదు. మూడోదే కష్టం. తలంబ్రాలు చూసి అందరూ నవ్వుతుంటే, మనం ఆ నవ్వేవాళ్లను చూడాలి.

1994 మాఘమాసంలో బరంపురంలోనే ఒక పెళ్లి. మగపెళ్లివారిది విజయనగరం. ఆడపెళ్లివారి చుట్టాలు ఖరగ్‌పూర్ నుంచీ, రాయపూర్ నుంచీ దిగారు. మనలాంటి కుటుంబాల సంగతి మీకు తెలిసిందే. ఉద్యోగాల వెంట రైలు పట్టాల పొడుగునా చెదిరినవాళ్లం, అందరం ఒకచోట కనబడేది పెళ్లిలోనే.

ముహూర్తం రాత్రి రెండు దాటాక. గట్టిమేళం మోగగానే జనం వైపు తిరిగాను. వంటింటి గుమ్మం దగ్గర, సగం తెరిచిన తలుపు వెనక పెళ్లికూతురి నాయనమ్మ నిలబడి ఉంది. భర్త పోయిన మనిషిని కదా, ముహూర్తం వేళ ఎదురుగా ఉండకూడదని ఆవిడే తప్పుకుంది. ఎవరూ చూడటం లేదనుకుని కొంగు చాటు నుంచి పిడికిలి బయటికి తీసి, పీటల వైపు అక్షింతలు విసిరింది. అవి గుమ్మం ముందే రాలిపోయాయి. ఆ చెయ్యి గాలిలో ఉండగానే నొక్కాను.

అప్పగింతల వేళకు నా కౌంటరు 36 దాటింది. రీలు అయిపోతే లీవరు బిగుసుకోవాలి. బిగుసుకోలేదు. గుండె జారిపోయింది. ఫిలిం వెనక్కి చుట్టే పిడి తిప్పి చూస్తే వదులుగా తిరిగింది. ముహూర్తానికి ముందు కంగారుగా రీలు మార్చినప్పుడు ఫిలిం కొస లోపలి ఇరుసుకు పట్టుకోలేదు. లీవరు తిప్పిన ప్రతిసారీ ఎడమవైపు పిడి కూడా తిరుగుతోందో లేదో చూసుకోమని మావయ్య నూరుసార్లు చెప్పారు. నేను ఒక్కసారీ చూడలేదు. ముహూర్తం నుంచి తెల్లవారేదాకా నేను తీసిన బొమ్మ ఒక్కటీ లేదు.

మావయ్యను పక్కకు పిలిచి చెప్పాను. చెంప పగలగొడతారనుకున్నాను. "ఇప్పుడు చెప్పావు గనక సరిపోయింది, చుట్టాలింకా ఇక్కడే ఉన్నారు. ల్యాబుకు వెళ్లాక చెప్పుంటే ఏం చేసేవాళ్లంరా?" అని కొత్త రీలు చేతిలో పెట్టారు. రైలెక్కబోయే వాళ్లను ఆపి, వరుసగా నిలబెట్టి తీశాం. పెళ్లికూతురి తండ్రికి ఒక రీలు పోయిందని చెప్పి, ఆ మేరకు డబ్బు తగ్గించుకున్నారు. అందులో ఏముందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాయనమ్మను మళ్లీ పిలిచాను. "ఈ ముసలిదాని ఫొటో ఎందుకు నాయనా" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

2023లో ఆ పెళ్లికూతురు ఫోన్ చేసింది. కూతురి పెళ్లి పెట్టుకున్నారట. ఇంటి పెద్దల ఫొటోలన్నీ ఒకచోట పెడదామంటే నాయనమ్మది ఒక్కటీ దొరకలేదట. "అన్నయ్యా, మీ దగ్గర పాత నెగెటివులున్నాయా? మా నాయనమ్మ ఎక్కడైనా పడిందేమో చూస్తారా?" అంది.

మావయ్య లేరు, స్టూడియో లేదు. నెగెటివుల కవర్లు మాత్రం నా బీరువాలో ఉన్నాయి. రెండు రోజులు ఒక్కొక్కటీ వెలుగుకు పెట్టి చూశాను. ఆవిడ లేదు. ఉండదని నాకు ముందే తెలుసు. ఫోన్ చేసి ఆ రీలు సంగతి, తలుపు చాటు సంగతి మొత్తం చెప్పి క్షమించమన్నాను. అటువైపు చాలాసేపు మాట లేదు.

"అక్షింతలు వేసిందా? ముహూర్తం వేళకు నిద్రపోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాం" అంది చివరికి.

ఆ పెళ్లికి అతిథిగా వెళ్లాను. ముహూర్తం దగ్గర పడగానే పెళ్లికూతురి అమ్మమ్మ మెల్లగా లేచింది. ఆవిడా భర్తను పోగొట్టుకున్న మనిషే. కూతురు వెళ్లి తల్లి చెయ్యి పట్టుకుని, పీటల పక్కనే కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. అక్షింతల పళ్లెం ఆవిడ ఒళ్లోనే పెట్టింది. పందిట్లో ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు. పంతులుగారు మాత్రం మంత్రం ఆపలేదు.

అక్కడా ఇద్దరు ఫొటోగ్రాఫర్లున్నారు. ఇద్దరి కెమెరాలూ వధూవరుల మీదే ఉన్నాయి. కుర్రవాడి భుజం తట్టి, "బాబూ, ఇటు తిరుగు" అన్నాను.

ఇప్పుడు కెమెరాలో ఒకేసారి రెండు కార్డుల మీద బొమ్మ దాచుకోవచ్చు. వేల బొమ్మలు తీసినా ఖర్చు పెరగదు. కానీ ఎటు తిరగాలో కెమెరా చెప్పదు. మీ ఇంట్లో పెళ్లి కుదిరితే ఫొటోగ్రాఫరుకు ఒక కాగితం రాసివ్వండి. అందులో మొదట తలుపు చాటున నిలబడేవాళ్ల పేర్లు రాయండి.